అనుమానం వచ్చిన రోజే వేరే నీళ్ళు రావాలి

బావి నీళ్ళలో ఏదో రసాయనం కలిసిందని తెలియగానే ఇళ్ళలో మొదట జరిగే పని నీళ్ళు కాచడం. తరతరాల అలవాటు అది. విరేచనాలు, విషజ్వరాల నుంచి ఎందరినో కాపాడిన అలవాటు కూడా. కానీ నైట్రేటో ఆర్సెనికో ఉన్న నీళ్ళను కాస్తే ఆవిరైపోయేది నీరు మాత్రమే, విషం గిన్నెలోనే మిగులుతుంది. లీటరు నీళ్ళు ముప్పావు లీటరు అయ్యేదాకా మరిగిస్తే దాని గాఢత మూడో వంతు పెరుగుతుంది. పాలపొడి కలపడానికి ఎంతో జాగ్రత్తగా నీళ్ళు మరిగించే తల్లి, తనకు తెలియకుండానే బిడ్డకు మోతాదు పెంచుతోందన్నమాట. నెలల పసికందుల్లో నైట్రేట్ వల్ల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేకపోతుంది, ఒళ్ళు నీలంగా మారుతుంది. దీనికీ బావి నీళ్ళకూ సంబంధం ఉందని అమెరికాలోని అయోవాలో ఒక వైద్యుడు 1945లోనే రాశాడు.

అధికారులకూ ఇలాంటి అలవాటు ఒకటుంది. మొదటి రిపోర్టు చెడ్డగా వస్తే ‘ఇంకోసారి టెస్ట్ చేయిద్దాం’ అంటారు. వినడానికి శాస్త్రీయంగానే ఉంటుంది. ల్యాబుల్లో పొరపాట్లు జరగవని కాదు, రెండోసారి పరీక్షించడమూ తప్పు కాదు. ఆ రెండో రిపోర్టు వచ్చేదాకా అవే నీళ్ళు పైపుల్లోకి వదులుతూ ఉండటమే తప్పు.

ఈ ‘ఇంకోసారి’ ఎంత దూరం పోగలదో చూడాలంటే అమెరికాలో నార్త్ కరోలినాలోని క్యాంప్ లజూన్ చరిత్ర చాలు. అది మెరైన్ సైనికుల స్థావరం, కుటుంబాలు కూడా అక్కడే ఉండేవి. 1980లో వేరే పని మీద అక్కడి నీటిని పరీక్షిస్తున్న ల్యాబ్, ఇందులో మరేవో క్లోరిన్ రసాయనాలు పరీక్షకు అడ్డొస్తున్నాయని రాసింది. మరుసటి ఏడాది అదే మాట ఇంకా గట్టిగా చెప్పింది. 1982 నాటికి వాటి పేర్లూ తెలిశాయి. ఒకటి ట్రైక్లోరోఇథిలీన్, లోహపు సామాన్ల జిడ్డు వదిలించే ద్రావకం. రెండోది పర్‌క్లోరోఇథిలీన్, డ్రై క్లీనింగ్‌లో వాడేది, స్థావరం బయటి డ్రై క్లీనింగ్ దుకాణం నుంచి భూమిలోకి దిగింది. ఆ ఏడాది తీసిన ఒక శాంపిల్‌లో ట్రైక్లోరోఇథిలీన్ లీటరుకు 1,400 మైక్రోగ్రాములు ఉంది. కలుషితమైన బావులను మూయడం మొదలైంది మాత్రం 1984 చివర్లో. అప్పటికి ఈ రసాయనానికి చట్టబద్ధమైన పరిమితి లేదన్నది నిజమే. తర్వాత వచ్చిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు.

ఇలాంటి ఆలస్యాలకు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు, నిర్లక్ష్యం లేదా కుమ్మక్కు. రెండూ ఉంటాయి, కాదనను. కానీ నా లెక్కలో వీటికంటే మామూలు కారణం ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బావి మూసేస్తే ఇవ్వడానికి అధికారి చేతిలో వేరే నీళ్ళు ఉండవు. ఇవ్వడానికేమీ లేనివాడికి రిపోర్టు మీద అనుమానాలు చాలా వస్తాయి. ఆ స్థితిలో సందేహం కూడా ఒక సౌకర్యమే.

మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో జరిగింది దాదాపు ఇదే. 1960ల్లో అక్కడ జీ, హెచ్ అని రెండు మున్సిపల్ బావులు తవ్వారు. నీళ్ళు వాసన వస్తున్నాయని, రుచి బాగాలేదని జనం మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. ఒత్తిడి పెరిగితే బావులు ఆపడం, ఎండలు ముదిరి నీళ్ళు చాలకపోతే మళ్ళీ పంపు వేయడం, ఇలాగే నడిచింది. 1979లో నది దగ్గర ఖాళీ స్థలంలో ఎవరో పారేసిన 184 రసాయన పీపాలు దొరికాయి. ఆ భయంతో బావులను పరీక్షిస్తే జీ బావిలో ట్రైక్లోరోఇథిలీన్ లీటరుకు 267 మైక్రోగ్రాములు తేలింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. బావుల్లో విషం ఆ పీపాల నుంచి వచ్చింది కాదు, చుట్టుపక్కల వేరే స్థలాల నుంచి వచ్చింది. ఆ పీపాలు అక్కడ పడేసి ఉండకపోతే బావులను ఎప్పుడు పరీక్షించేవాళ్ళో! ఏళ్ళ తరబడి జనం చెప్పిన వాసనకు రాని కదలిక పీపాలు కనబడితే వచ్చింది.

అందుకే నా వాదన సూటిగా ఇది. నీళ్ళు ఆపడానికి అనుమానం చాలు, మళ్ళీ వదలడానికి మాత్రం రుజువు కావాలి. ఇది జరగాలంటే ప్రత్యామ్నాయ నీటి ఏర్పాటు పరీక్ష తర్వాత మొదలయ్యే పనిగా ఉండకూడదు. ట్యాంకర్ ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ నిలబడుతుంది, డబ్బు ఏ పద్దు నుంచి తీస్తారు అన్నవి ముందే కాగితం మీద ఉండాలి. ఇదేమీ అసాధ్యమైన లెక్క కాదు. విపత్తు సహాయంలో పాటించే స్ఫియర్ ప్రమాణం ప్రకారం తాగడానికి, వంటకు, కనీస శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు 15 లీటర్లు కావాలి. వెయ్యిమందికి 15 వేల లీటర్లు. 10 వేల లీటర్ల ట్యాంకర్ రోజుకు రెండుసార్లు వస్తే ఇంకా మిగులుతాయి. ఏళ్ళ ఆలస్యం, కోర్టు కేసులు, నష్టపరిహారాల పక్కన పెట్టి చూస్తే ఇది చిల్లర ఖర్చు.

దీనికి గట్టి ఎదురు ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్ళు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి లక్షలాది గొట్టపు బావులు వేశారు. మంచి ఉద్దేశంతోనే వేశారు, సూక్ష్మక్రిముల బెడద నిజంగానే తగ్గింది. 1993లో ఆ నీళ్ళలో ఆర్సెనిక్ బయటపడింది. ఏ ఫ్యాక్టరీ నేరమూ కాదు, భూమి పొరల్లో సహజంగా ఉన్నదే. సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటితే పంపుకు ఎర్ర రంగు, లోపు ఉంటే ఆకుపచ్చ రంగు వేశారు. దాదాపు 29 శాతం ఎరుపు తేలాయి. ఎర్ర రంగు పడ్డ ఇంటివాళ్ళు ఎటు పోవాలి? దగ్గర్లో ఆకుపచ్చ పంపు ఉంటే సరే. లేకపోతే మళ్ళీ ఆ చెరువే, మళ్ళీ ఆ విరేచనాలే. ఆర్సెనిక్ ఏళ్ళ మీద చంపుతుంది, కలరా రోజుల్లో చంపుతుంది. కాబట్టి వేరే నీళ్ళు చూపించకుండా బావి మూయడం కూడా ఒకరకం బాధ్యతారాహిత్యమే. మూసే చెయ్యి, నీళ్ళిచ్చే చెయ్యి ఒకటే అయి ఉండాలి.

ఆ రంగుల పద్ధతిలో నాకు బాగా నచ్చేది దాని సూటిదనం. చదువు రానివాళ్ళకూ అర్థమవుతుంది. ఒకే వీధిలో ఒక పంపు ఎరుపు, పది అడుగుల్లో ఇంకోటి ఆకుపచ్చ ఉండేవి, ఎందుకంటే గొట్టం ఎంత లోతుకు దిగిందన్న దాన్నిబట్టి నీళ్ళు మారిపోతాయి. ‘పక్కింటి బోరు బాగుంది కాబట్టి మాదీ బాగుంటుంది’ అనే ధీమాకు ఇంతకంటే పెద్ద సమాధానం లేదు. ప్రతి బావినీ విడిగా పరీక్షించాల్సిందే.

పరీక్ష అంటే సీసాలో నీళ్ళు పట్టి పంపడం అనుకుంటారు చాలామంది. ట్రైక్లోరోఇథిలీన్ లాంటి ఆవిరయ్యే రసాయనానికి ఉపయోగించేది 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసా. నీళ్ళు అంచు మీద ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి మూత బిగిస్తారు. తర్వాత తలకిందులు చేసి వేలితో తట్టి చూస్తారు. లోపల గాలి బుడగ కనిపిస్తే ఆ శాంపిల్ పనికిరాదు, ఎందుకంటే రసాయనం నీళ్ళలోంచి ఆ బుడగలోకి జారుకుంటుంది, రిపోర్టులో అంకె తగ్గుతుంది. పైగా బోరు నుంచి కాసేపు నీళ్ళు వదిలి, గొట్టంలో నిలవున్నది పోయాకే పట్టాలి. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, శాంపిల్ తీసేటప్పుడు ఆ ఊరివాళ్ళు ఒకరిద్దరు పక్కన నిలబడి చూడటం వాళ్ళ హక్కు. ఫోన్‌లో ఫోటో తీసుకున్నా తప్పులేదు. తర్వాత రిపోర్టును నమ్మాలన్నా, నిలదీయాలన్నా అదే ఆధారం.

రిపోర్టు వచ్చాక ఇంకో గొడవ మొదలవుతుంది. ‘పరిమితి లోపే ఉంది’ అని ఒక లైను రాసి ఫైలు మూసేస్తారు. పరిమితి అంటే ఏమిటో చూద్దాం. లీటరుకు 5 మైక్రోగ్రాములంటే, 25 లక్షల లీటర్లు పట్టే ఒలింపిక్ ఈతకొలనులో రెండు టీస్పూన్లు కూడా నిండని ట్రైక్లోరోఇథిలీన్. ఇంత తక్కువ దగ్గర గీత గీయడంలో ఆరోగ్య శాస్త్రంతోపాటు ల్యాబ్ ఎంతవరకు కొలవగలదు, శుద్ధికి ఎంత ఖర్చవుతుంది అన్నవీ కలిసే ఉంటాయి. అందుకే గీత చోటు మారుతూ ఉంటుంది. నాన్‌స్టిక్ పూతల తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ సంగతే చూడండి. అమెరికా పర్యావరణ సంస్థ 2009లో లీటరుకు 400 నానోగ్రాములన్నది (నానోగ్రాము అంటే మైక్రోగ్రాములో వెయ్యో వంతు), 2016లో దాన్ని, దాని తోబుట్టువు రసాయనాన్ని కలిపి 70 అన్నది, 2024లో ఒక్కదానికే 4 అన్నది. 2010లో 350 వచ్చిన బావికి ‘సేఫ్’ అని ఉత్తరం అందుకున్నవాళ్ళు ఇప్పుడు ఆ ఉత్తరాన్ని ఏం చేసుకోవాలి? నేను అడిగేది చిన్నదే. ‘పరిమితి లోపు’ అనే మాటతో సరిపెట్టకుండా అసలు అంకె ఎంతో ప్రతి ఇంటికీ రాతపూర్వకంగా ఇవ్వండి. గీత మారిన రోజు వాళ్ళే పోల్చి చూసుకుంటారు.

బహిరంగ సమావేశాల సంగతికొస్తే, ప్రొజెక్టర్ మీద గ్రాఫులు, వేదిక మీద నిపుణులు ఉంటారు. కింద కూర్చున్నవాళ్ళకు ఉండే ప్రశ్న ఒక్కటే: ‘పాపకు స్నానం చేయించొచ్చా?’ దానికి జవాబు రసాయనాన్ని బట్టి మారుతుంది. ట్రైక్లోరోఇథిలీన్ వేడినీళ్ళలోంచి ఆవిరై మూసిన బాత్‌రూమ్ గాలిలో నిండుతుంది, స్నానంలో పీల్చేది తాగినదానికి తీసిపోదు. ఆర్సెనిక్ చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువ, స్నానానికి ఫరవాలేదు, వంటకు మాత్రం వద్దు. ‘ఈ నీళ్ళు వాడరాదు’ అని ఒక్క బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే జనం రెండు రోజులు పాటిస్తారు, మూడో రోజు అన్నిటికీ వాడేస్తారు. దేనికి వాడొచ్చో కూడా చెబితేనే దేనికి వాడకూడదన్నది నిలుస్తుంది.

మొదటి వారంలోనే జరగాల్సిన ఇంకో పని ఉంది, సాధారణంగా దాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత గుర్తుచేసుకుంటారు. ఎవరు, ఏ బావి నీళ్ళు, ఎన్నేళ్ళు తాగారో రాసిపెట్టడం. వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ ప్రాంతంలో డూపాంట్ ఫ్యాక్టరీ నుంచి పీఎఫ్‌ఓఏ తాగునీటిలో కలిసిన కేసు 2004లో రాజీకి వచ్చింది. వచ్చిన డబ్బులో పెద్ద భాగాన్ని జనం ఆరోగ్య సర్వేకి పెట్టారు. సుమారు 69 వేలమంది రక్తమిచ్చి, వివరాలు చెప్పారు. దాని ఆధారంగా స్వతంత్ర శాస్త్రవేత్తల బృందం 2012 నాటికి కిడ్నీ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు సహా ఆరు జబ్బులకు దీంతో సంబంధం ఉండే అవకాశముందని తేల్చింది. ఆ వివరాలు లేకపోతే ప్రతి రోగీ కోర్టులో ఒంటరే. క్యాంప్ లజూన్ బాధితులు దావా వేయడానికి ప్రత్యేక చట్టం 2022లో గానీ రాలేదు.

దోషి ఎవరన్నది తేల్చడం అవసరమే, కానీ దానికి భూమి లోపలి తీరు అడ్డొస్తుంది. ట్రైక్లోరోఇథిలీన్ నీటికంటే బరువు. భూగర్భజలం కిందికి దిగి బంకమట్టి పొర మీద మడుగుకట్టి, దశాబ్దాల పాటు కొంచెం కొంచెంగా కరుగుతూ ఉంటుంది. ఒలకబోసిన కంపెనీ అప్పటికి మూతపడి ఉండొచ్చు, చేతులు మారి ఉండొచ్చు. దోషి దొరికేదాకా నీళ్ళ ఖర్చు ఎవరూ పెట్టరంటే కుదరదు. ముందు ప్రభుత్వం పెట్టాలి, తర్వాత వసూలు చేసుకోవాలి. 1980లో వచ్చిన అమెరికా సూపర్‌ఫండ్ చట్టంలో ఈ దారి ఉంది.

చివరికి ఎక్కువ చోట్ల జరిగేది ఫిల్టర్ పెట్టడమే. ట్రైక్లోరోఇథిలీన్‌కు, పీఎఫ్‌ఓఏకు యాక్టివేటెడ్ కార్బన్, అంటే రసాయనాన్ని తనకు అంటించుకునే బొగ్గు, పనిచేస్తుంది. నైట్రేట్‌కు అది పనికిరాదు, అయాన్ ఎక్స్ఛేంజో ఆర్‌ఓనో కావాలి. సరిగా పెట్టిన కార్బన్ ప్లాంట్‌లో రెండు ట్యాంకులు వరసగా ఉంటాయి, వాటి మధ్య శాంపిల్ తీసే చిన్న కొళాయి ఉంటుంది. మొదటి ట్యాంకులోని కార్బన్ రసాయనంతో నిండిపోయిందన్న కబురు ముందు ఆ కొళాయిలోనే తెలుస్తుంది, అప్పటికి రెండోది ఇంకా కాపాడుతూ ఉంటుంది. నిండిన కార్బన్‌కు రంగు మారదు, వాసన రాదు, నీళ్ళు మామూలుగానే వస్తుంటాయి. ప్రారంభోత్సవం రోజు అందరూ రెండో ట్యాంకు తర్వాతి కొళాయి దగ్గర గ్లాసు పట్టుకుని ఫోటో దిగుతారు. నేనైతే ఆ మధ్య కొళాయి నుంచి పదో ఏడాదిలో శాంపిల్ ఎవరు తీస్తారు, దానికి డబ్బు ఏ పద్దులో రాశారు అని అడుగుతాను.