సవరణ: ఊక బూడిద సిలికా, పంటి ఫిల్లింగుల గురించి

వరి ఊకను వెయ్యి డిగ్రీల్లో కాల్చి, బూడిదను (అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం) ఆమ్లంతో కడిగి, మెత్తగా నూరితే, పంటి ఫిల్లింగుల రెజిన్‌లో (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ముద్దలో) బలం కోసం కలిపే పొడి, అంటే ఫిల్లర్, సిద్ధమని మా గత వ్యాసంలో రాశాం. వరుసా తప్పే, ఉష్ణోగ్రతా తప్పే.

ఆమ్లంతో కడగాల్సింది కాల్చకముందు. ఊకలోని పొటాషియం మంటలో సిలికాను పైపైన కరిగిస్తుంది. కాలని కార్బన్ లోపలే చిక్కుకుపోతుంది. అలాంటి నల్ల బూడిదను తర్వాత ఎంత కడిగినా తెల్లబడదు, పంటి రంగుకు పనికిరాదు. ఊకను 1 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గంటా రెండు గంటలు మరిగించి, ఆమ్లం పోయేదాకా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, గాలి ఆడేలా 600–700 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చాలి. వేడి మరీ పెరిగితే సిలికా క్రిస్టోబలైట్ స్ఫటికాలుగా మారుతుంది. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. అసలు ఏ సిలికా పొడికైనా మాస్క్ తప్పదు.

సిలికానూ రెజిన్‌నూ అతికించే రసాయనమైన సైలేన్ పూత ప్రస్తావనే లేకపోవడం ఇంకా పెద్ద లోపం. అది లేకపోతే సిలికాకూ రెజిన్‌కూ బంధం కుదరదు. సందుల్లోకి తేమ చేరి రేణువులు ఊడి, ఫిల్లింగు త్వరగా అరుగుతుంది. బూడిద రేణువులు గుల్లగా ఉంటాయి కాబట్టి రెజిన్‌ను పీల్చి ముద్దను బిగుసుకుపోయేలా చేస్తాయి. ఎక్కువ ఫిల్లర్ పట్టాలంటే బూడిదను సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, ఆమ్లం కలిపి మళ్లీ ఘనరూపంలో వేరుచేయడం (అవక్షేపించడం) మేలు.

ఎక్స్‌రేలో సిలికా సరిగా కనబడదు. ఎక్స్‌రేలో కనబడే బేరియం గాజో జిర్కోనియానో (జిర్కోనియం ఆక్సైడ్) లాంటిది కలపాల్సిందే.