అల్లుడుగారికి లైన్ ఆఫ్ క్రెడిట్

దేశాలు ఒకదానికొకటి సరుకెలా అమ్ముకుంటాయో నాకు మొన్న సంక్రాంతికి, ముక్కనుమ మర్నాడు పొద్దున్న ఏడింటికి అర్థమైంది. అల్లుడుగారు హైదరాబాదు బయల్దేరుతున్నారు. కారు డిక్కీలో ఆత్రేయపురం పూతరేకులు నాలుగు బాక్సులు, తాపేశ్వరం కాజాలు రెండు కేజీలు, స్టీలు డబ్బా నిండా అరిసెలు, వలిచిన కొబ్బరికాయలు ఇరవై, థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య మూడు కేజీల రొయ్యలు. మూత పడకపోతే నేనో పక్కా, మా బావమరిదో పక్కా నొక్కాం. దారి ఖర్చులకని మా ఆవిడ ఒక కవరు కూడా తెచ్చింది. "వద్దత్తయ్యగారూ, వద్దు" అని అల్లుడుగారు అంటూనే ఉన్నారు, కవరు జేబులోకి వెళ్తూనే ఉంది.

కారు మలుపు తిరిగాక నేను లెక్క మొదలుపెట్టబోతే మా ఆవిడ అడ్డుపడింది. "మన సరుకు పదిమంది నోట్లో పడాలంటే తినేవాళ్లకి మనమే ఎదురు పెట్టాలండి. రేపు వాళ్ల ఆఫీసులో నలుగురు రుచి చూస్తే ఆర్డర్లు వాటంతటవే వస్తాయి."

పెళ్లయి ఆరేళ్లయింది. ఆర్డరు ఇంకా రాలేదు. అయినా ఎగుమతులకి అప్పులిచ్చే ఎగ్జిమ్ బ్యాంకులు ఎందుకు పుట్టాయో ఇంత సూటిగా చెప్పినవాళ్లని నేను చూడలేదు కాబట్టి నోరు మూసుకున్నాను.

సంగతి ఇంతే. కొనేవాడి దగ్గర డబ్బు లేదు, అమ్మేవాడికి అమ్మకపోతే నిద్రపట్టదు. అప్పుడు అమ్మేవాడి ప్రభుత్వం కదిలి, కొనేవాడికి అప్పిస్తుంది. ఆ అప్పుతో అతను మన దగ్గరే కొనాలి. మన బ్యాంకు తీసి మన కంపెనీకే కడుతుంది కనుక డబ్బు సముద్రం దాటదు. సరుకు దాటుతుంది, బాకీ దాటుతుంది. మనకి ఇందుకోసం 1982 నుంచి ముంబైలో ఎగ్జిమ్ బ్యాంకు ఉంది. భారత ప్రభుత్వం తరఫున అది పరాయి దేశాలకి లైన్ ఆఫ్ క్రెడిట్, అంటే ఇంతవరకూ వాడుకోవచ్చని ఒక అప్పు పద్దు ఇస్తే, మామూలుగా ఆ కాంట్రాక్టు విలువలో 75 శాతం సరుకూ సేవలూ మన దేశం నుంచే వెళ్లాలని షరతు. "ఎనభై వేలు అప్పిస్తాను, అందులో అరవై వేలు నా కొట్లోనే పెట్టు" అని మా ఊళ్లో ఎవరన్నా అంటే అతనికి ఒక పేరుంటుంది, ఆ పేరు పత్రికల్లో వేయరు. అదే మాట దేశం అంటే దౌత్యం.

ఈ విద్యని ఇంగ్లండు 1919లో, అమెరికా 1934లో కనిపెట్టాయని పుస్తకాలు రాస్తాయి. పొరపాటు. మా రొయ్యల మేత షాపాయన దగ్గర ఇది ఎప్పటినుంచో నడుస్తోంది. చెరువులో పిల్ల వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా మేత ఆయనే అప్పిస్తాడు. రొక్కానికి ఒక ధర, అప్పుకి ఒక ధర. మందులూ మినరల్సూ కూడా ఆయన దగ్గరే కొనాలి. పంట వచ్చాక ఆయన చూపించిన వ్యాపారికే తోలాలి. ఆయన లెక్కలో ఇది 75 శాతం కాదు, నూటికి నూరు. ఢిల్లీ వాళ్లు ఒక్కసారి మా గట్టు మీద కూర్చుని టీ తాగి ఉంటే, పాతిక శాతం ఎందుకు వదులుకున్నామా అని బాధపడేవాళ్లు.

చరిత్ర తిరగేస్తే మేత షాపాయన కూడా మొదటివాడు కాదులెండి. పాలకొల్లులో డచ్చివాళ్లు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు కొఠీలు పెట్టుకుని మన నేతగాళ్ల బట్ట ఓడలకెక్కించిన రోజుల్లో, ముందు బయానా ఇచ్చి ఆ తర్వాతే నేయించేవాళ్లు. బయానా తీసుకున్న మగ్గం ఇంకొకరికి నెయ్యడానికి లేదు. ఎగుమతి రుణం అంటే మా గోదారి జిల్లాలకి కొత్త కాదనడానికి ఇది చాలు.

అమెరికా వాళ్ల ఎగ్జిమ్ బ్యాంకు కథ మా పెళ్లిళ్ల పేరయ్య చెప్పే సంబంధంలా ఉంటుంది. 1934లో రూజ్‌వెల్ట్ దాన్ని పెట్టించింది సోవియట్ రష్యాతో వ్యాపారం కోసం. పాత బాకీల దగ్గర మాట కుదరక ఆ సంబంధం తప్పిపోయింది. పందిరి వేశాక ఊరుకోలేరు కదా, పీటల మీద క్యూబాని కూర్చోబెట్టారు. తొలి అప్పు క్యూబా వెండి నాణేల కోసం ఇచ్చారు. తర్వాత ఆ బ్యాంకు ఎంత పెద్దదైందంటే, అది అండగా నిలిచే విమానాల అమ్మకాలు చూసి అక్కడివాళ్లే దానికి 'బోయింగ్ బ్యాంకు' అని పేరు పెట్టారు.

ఆ విమానాలు కొన్నవాళ్లలో మన ఎయిర్ ఇండియా కూడా ఉంది. బోయింగులు కొనడానికి మనకి పుట్టే అప్పులకి 300 కోట్ల డాలర్లకు పైగా పూచీ ఉంటామని వాళ్ల ఎగ్జిమ్ బ్యాంకు ముందుకొచ్చింది. దాంతో 2011లో డెల్టా కోర్టుకెక్కింది. మన డెల్టా కాదండోయ్. మన డెల్టాకి వాయిదాలకి వెళ్లడమే తెలుసు, వేయడం తెలీదు. ఇది అమెరికావాళ్ల డెల్టా ఎయిర్‌లైన్స్. "మా ప్రభుత్వం పరాయి కంపెనీకి పూచీ ఉండి చౌకగా విమానాలు ఇప్పిస్తే, దానితో పోటీపడి మేమెలా బతకాలి" అని వాళ్ల గోడు. న్యాయమైన గోడే.

ఇక్కడ కాస్త గొంతు సవరించుకుంటాను, ఎందుకంటే తర్వాతి వాక్యం నేను నవ్వకుండా రాయాలి. అదే అమెరికా 2024లో విచారణ జరిపి, భారత ప్రభుత్వం రొయ్యల ఎగుమతిదారులకి రాయితీలిస్తోంది, ఇది అధర్మం అని తేల్చి, మన రొయ్యల మీద 5.77 శాతం ప్రతిచర్య సుంకం వేసింది. అంటే విమానం అమ్ముకోవడానికి సర్కారు చెయ్యేస్తే దాని పేరు ఆర్థిక విధానం, రొయ్యకి చెయ్యేస్తే దాని పేరు సబ్సిడీ. విమానానికి మీసాల్లేవు గదా, అందుకని కాబోలు. ఎగుమతి రుణాల మీద 2015 నుంచి మనవాళ్లు ఇస్తున్న వడ్డీ రాయితీ పథకం 2024 డిసెంబరు 31తో ఆగింది. రాయితీ వెళ్లిపోయింది, సుంకం కూర్చుంది. దాని మీద 2025 ఆగస్టులో మరో 50 శాతం వచ్చి పడింది.

అప్పు ఇవ్వడం ఒక ఎత్తు, రాబట్టడం ఇంకో ఎత్తు. ఇందుకు మన దగ్గర 1957లో పుట్టిన ఈసీజీసీ అనే సర్కారు సంస్థ ఉంది. విదేశంలో కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఎగుమతిదారుడికి బీమా ఇస్తుంది. ఏ దేశం ఎంత నమ్మదగిందో చూసి ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2, డి అని ఏడు మెట్ల మీద నిలబెడుతుంది. నాకు ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే, మా బంధువులందర్నీ ఒక లాంగ్ నోట్‌బుక్కులో ఇదే వరసలో ఎక్కించాను. తమ్ముడు బి2: ఇస్తాడు, కానీ దమ్మిడీ దమ్మిడీ చొప్పున, ప్రతిసారీ పాత సంగతులు తవ్వుతూ. రాజోలు మేనత్త ఏ1: తీసుకున్న అప్పుకి వడ్డీ కింద నిమ్మకాయ పచ్చడి కూడా పంపుతుంది. బావమరిదికి డి రాశాను, ఆ పేజీని మా ఆవిడ చింపేసింది.

అల్లుడుగారి దగ్గరే పెన్ను ఆగింది. ఆయన సార్వభౌముడు. సార్వభౌముడి మీద కోర్టుకెళ్లలేం, ఇంటికెళ్లి అడగలేం, అడిగితే అమ్మాయి ఫోనెత్తదు. ఉన్న దారి ఒకటే, గడువు పెంచడం. దేశాల మధ్య కూడా జరిగేది అదే. 1956లో అర్జెంటీనా బాకీలు తీర్చలేక చేతులెత్తేస్తే, అప్పిచ్చిన దేశాలన్నీ పారిస్‌లో కూర్చుని గడువులు మాట్లాడుకున్నాయి. పారిస్ క్లబ్ అంటారు దాన్ని. మా వైపు పెద్దమనుషుల పంచాయితీ అంటాం, కాఫీ ఒకటే తేడా.

2022లో శ్రీలంక కట్టలేనని చెప్పేసింది. దానికి నెల ముందే మనం తిండి సరుకులకీ మందులకీ వంద కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేశాం. తర్వాత అప్పిచ్చినవాళ్ల కమిటీలో జపాన్, ఫ్రాన్స్ పక్కన మనం కూడా కుర్చీ వేసుకున్నాం. దీని మీద మాత్రం నాకు వెటకారం రాదు. పక్కింట్లో పొయ్యి వెలగనప్పుడు ఇచ్చింది చేబదులు, దాన్ని వ్యాపారం లెక్కలో రాయకూడదు. అల్లుడుగారి కవరు మాత్రం రాయొచ్చు.

నా సొంత ఎగుమతి అనుభవం కూడా చెప్పాలి, లేకపోతే తెలియనివాడు రాశాడనుకుంటారు. రెండెకరాల చెరువు, లీజు. ఆగస్టులో ట్రంపు సంతకం సిరా ఆరకముందే మా గట్టు మీద వనామీ రొయ్య రేటు దిగింది. రేటు పెరిగే కబురు ఓడలో వస్తుంది, తగ్గే కబురు వాట్సాప్‌లో వస్తుంది. మేత బాకీ పెరుగుతోంది, ఏరేటర్ల కరెంటు బిల్లు పెరుగుతోంది, ఇంక ఆగలేక పట్టుబడి పెట్టాను.

తెల్లారుజామున నాలుగింటికి వల దిగింది. మోకాల్లోతు బురద, టార్చిలైట్లు, ఐసు లారీ. కొనుగోలుదారుడి తరఫున వచ్చిన కుర్రాడు ఒక కేజీ తూచి నీలం టబ్బులో పోసి, కౌంట్ చూడ్డానికి రెండేసి చొప్పున లెక్కపెట్టాడు. కేజీకి ఎన్ని ఎక్కువ తూగితే రొయ్య అంత చిన్నది, రేటు అంత తక్కువ. నాకు 40 వచ్చాయి, అతనికి 46 వచ్చాయి.

"అదేటి బాబూ, ఆరు రొయ్యలు ఎక్కణ్ణుంచి పుట్టాయి?" అన్నాను.

"చిన్నవి అడుగున ఉన్నాయండి మావయ్యగారూ."

"టబ్బు బోర్లించు, నేనూ చూస్తాను."

"ఎండెక్కేస్తే సరుకు మెత్తబడిపోద్దండీ, ఆనక మీకే నష్టం."

మావయ్యగారూ అని పిలిచాక ఆరు రొయ్యల కోసం ఎవరు తగువాడతారు? 46 కౌంట్ రేటుకే కాటా వేశారు. అతను సిగరెట్ పెట్టె అట్ట వెనక అంకె రాసి నా చేతిలో పెట్టి "పది రోజుల్లో వేసేస్తారండి" అన్నాడు. నలభై ఒకటో రోజున పడింది. ఈలోపు మేత షాపులో నూటికి రెండు రూపాయల వడ్డీ తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత 2025 నవంబరులో ఢిల్లీ నుంచి మంచి కబుర్లు వచ్చాయి. ఎగుమతిదారులకి పూచీకత్తు లేకుండా 20,000 కోట్ల దాకా అదనపు అప్పు పుట్టేలా ప్రభుత్వం హామీ ఉంటుందట. ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కి 25,060 కోట్లట. ఎగుమతి రుణం గడువుని రిజర్వు బ్యాంకు 270 రోజుల నుంచి 450 రోజులకి పెంచింది. ఎగుమతిదారుడి కష్టం అబద్ధం కాదు. అక్కడ ఆర్డరు ఆగితే ఇక్కడ కోల్డ్ స్టోరేజీ కరెంటు ఆగదు. కానీ 450 రోజులంటే నా చెరువులో మూడు పంటలు. ఆ లెక్క చూస్తూ చూస్తూ ఉండగా నాకు ఒక పెద్ద హోదా దక్కినట్టు తెలిసింది. సరుకు ముందిచ్చి, వడ్డీ అడక్కుండా, పూచీకత్తు లేకుండా, సిగరెట్ అట్ట మీద రాసిన అంకెని నమ్మి నలభై ఒక్క రోజులు ఆగాను కదా. దేశంలో ఇంత చౌకగా ఎగుమతి రుణం ఇచ్చే సంస్థ ఇంకోటి లేదు. ఎగ్జిమ్ బ్యాంకు ముంబైలో లేదు, మా చెరువు గట్టు మీద లుంగీ మడిచి కూర్చుని ఉంది.

ఈ మాట ఇంట్లో గర్వంగా చెప్తే మా అత్తగారు క్రోషే సూది ఆపకుండానే నవ్వారు. ఆవిడది నర్సాపురం. 1844 ప్రాంతంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఆడవాళ్ల చేతుల్లోనే తిరుగుతోంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, అల్లిన లేసు తూచి తీసుకుంటాడు, కూలి మాత్రం "ఫారిన్ నుంచి పేమెంటు రావాలమ్మా" అని వాయిదా వేస్తాడు. "పదకొండో ఏట నుంచీ ఇస్తన్నాను నాయనా నేను అప్పు" అన్నారావిడ. "నీకు ఆ బ్యాంకులో మేనేజరు ఉద్యోగం కూడా రాదు. నేను చైర్మన్ని."

అయినా పట్టు వదలకుండా నేను ఊళ్లో బ్యాంకుకి వెళ్లాను. ఆ పూచీకత్తు లేని అప్పులో నాకూ ఒక చెంచా పొయ్యమన్నాను.

"మీరు ఎగుమతిదారులా అండీ?" అన్నారు మేనేజరుగారు, చాలా మర్యాదగా.

"నా రొయ్యలు అమెరికా వెళ్తాయండి."

"రొయ్యలు వెళ్తాయండీ. మీరు వెళ్లట్లేదుగా. ఐఈ కోడ్ ఉందాండీ? షిప్పింగ్ బిల్లు? ఫారిన్ బయ్యరు ఆర్డరు?"

నా దగ్గర సిగరెట్ అట్ట ఒకటి ఉంది. చూపించాను. ఆయన రెండు వైపులా తిప్పి చూసి, ఆ బ్రాండు ఇప్పుడు దొరకడం లేదని విచారం ప్రకటించి, బంగారం మీద లోనయితే ఇవాళే ఇస్తామన్నారు.

ఇంటికొచ్చి బీరువా తాళాలు వెతుకుతుంటే ఫోను మోగింది. అల్లుడుగారు. ఆరేళ్లలో ఆయన తనంతట తాను నాకు ఫోను చెయ్యడం ఇదే మొదలు. గుండె ఒక్కసారి ఝల్లుమంది.

"మావయ్యగారూ, గుడ్ న్యూసండీ. మా ఆఫీసులో అందరికీ పూతరేకులు తెగ నచ్చేశాయి. ఇరవై బాక్సులు కావాలంటున్నారు."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ అప్పటికే నెయ్యి డబ్బా దించుతోంది.

"చాలా సంతోషం అల్లుడుగారూ. మరి డబ్బు..."

"వాళ్లు నా కొలీగ్సేనండీ, ఎక్కడికి పోతారు? శాలరీలు పడ్డాక నేను చూసుకుంటాను. ఈసారి బెల్లంవి ఎక్కువ వేయించండి."