రెండు భాషల్లోనూ పిలిస్తే పలికే పేరు

కెనడాలోని మాంట్రియల్‌లో నాతో పనిచేసే ఒకామెకి ఏడో నెల. తను ఫ్రెంచి మాట్లాడే ఇంట్లో పుట్టింది, వాళ్లాయన ఒంటారియో నుంచి వచ్చిన ఇంగ్లిష్ మనిషి. పుట్టబోయేది బాబు అని స్కానింగ్‌లో చెప్పినప్పటి నుంచీ ఆ ఇంట్లో పేరు గురించే చర్చ. ఓ రోజు లంచ్‌లో పదకొండు పేర్లు రాసిన కాగితం నా ముందు పెట్టి, "నీకు ఈ రెండూ మాతృభాషలు కావు కాబట్టి నువ్వే చెప్పాలి, రెండింట్లోనూ ఒకేలా వినిపించే పేరు ఇందులో ఏది?" అని అడిగింది.

నేను ఏమీ చెప్పకుండా ఒక్కో పేరూ ఆమె చేత రెండుసార్లు పలికించాను, వాళ్లమ్మ పిలిచేలా ఒకసారి, అత్తగారు పిలిచేలా ఒకసారి. విన్నది విన్నట్టు ఆ కాగితం మీదే తెలుగులో రాసుకుంటూ పోయాను. సిమోఁ, సైమన్. తొమా, టామస్. బెఁజమెఁ, బెంజమిన్. గ్జావ్యే, జేవియర్. ఫ్రెంచివాళ్లు ముక్కుతో పలికే అచ్చుకి మన పాత పుస్తకాల్లోని అరసున్న ఇంత బాగా పనికొస్తుందని అప్పటిదాకా నాకూ తట్టలేదు. ఆమెకి తెలుగు ఒక్క అక్షరం రాదు, అయినా ఒక్కో పేరు పక్కన పొంతన లేని రెండు ఆకారాలు కనిపించేసరికి కాసేపు మాట్లాడలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. రెండు భాషల్లో ఒకేలా వినిపించే పేరు కోసం వెతకడం మానేయాలి, అలాంటిది దొరకదు. ఇంగ్లిష్ పేరులో ఒకచోట గట్టిగా నొక్కి మిగతాది మింగేస్తుంది, ఫ్రెంచి అన్నిటినీ సమానంగా నడిపించి చివర్లో నొక్కుతుంది, పైగా అందులో హ పలకదు, చాలా పేర్లలో చివరి హల్లు పలకదు, ర గొంతులోంచి వస్తుంది. ఎక్కడైనా సరిపోతుందని అందరూ చెప్పే లియో కూడా ఫ్రెంచిలో లెయో. చూడాల్సింది వేరే ఉంది. రాత మార్చకుండా రెండు చోట్లా చెల్లాలి, ఎవరు ఎలా పిలిచినా అది తననేనని పిల్లాడికి తెలియాలి, ఒక భాషలో అబ్బాయి ఇంకో భాషలో అమ్మాయి అయిపోకూడదు.

రాత గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, ప్రభుత్వం దగ్గర ఉండిపోయేది అదే. మాంట్రియల్ ఉన్న ఫ్రెంచి రాష్ట్రం క్యూబెక్‌లో బిడ్డ పుట్టిన 30 రోజుల్లోపు పేరు నమోదు చేయించాలి, ఫ్రాన్స్‌లో అయితే 5 రోజులే. ఆ కాగితం మీద పడ్డ అక్షరాలే పాస్‌పోర్టు దాకా వెళ్తాయి. 2003 నుంచి 2012 దాకా క్యూబెక్ ప్రీమియర్‌గా, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న జాఁ షరే సంగతే తీసుకోండి. ఆయన తల్లిది ఐరిష్ మూలాలున్న కుటుంబం, పుట్టినప్పుడు కాగితాల్లో రాసింది జాన్ జేమ్స్. ఊరంతా జాఁ అని పిలిచినా ఆ జాన్ జేమ్స్ ఆయన్ని వదల్లేదు, భాష పేరుతో రాజకీయం నడిచే చోట నువ్వు అసలు ఎవరి మనిషివి అని అడగడానికి ప్రత్యర్థులకి అదో సాకు అయింది. అదే కెనడా ప్రధానిగా చేసిన జస్టిన్ ట్రూడోని చూడండి. ఫ్రెంచిలో జుస్తెఁ, ఇంగ్లిష్‌లో జస్టిన్, వినడానికి దూరమే, కానీ ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు. ఆయన తండ్రి పూర్తి పేరు జోసెఫ్ ఫిలిప్ పియేర్ ఈవ్ ఎలియట్ ట్రూడో. జోసెఫ్ ఒకప్పుడు క్యూబెక్ క్యాథలిక్ ఇళ్లలో దాదాపు మగపిల్లలందరికీ పెట్టిన పేరు, ఎలియట్ తల్లి పుట్టింటి పేరు. ఒక్క మనిషి పేరులో మతం, ఫ్రెంచి, ఇంగ్లిష్ మూడూ పట్టించారు.

ఆడామగా తేడా దగ్గర జనం తరచూ దెబ్బతింటారు. జాఁ ఫ్రెంచిలో మగవాడు, అవే అక్షరాలు ఇంగ్లిష్‌లో జీన్ అని చదివితే ఆడమనిషి. మిషెల్ కూడా అంతే, ఈవ్ చెవికి అచ్చంగా అమ్మాయి పేరు. గీ అనే పాత ఫ్రెంచి పేరుని ఇంగ్లిష్‌వాళ్లు గై అని చదువుతారు, అంటే ఎవడో ఒకడు అని. పిల్లాడు బడిలో మొదటి రోజే ఇవన్నీ వివరించుకోవాల్సిన పని లేదు.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది విలియమ్. 1977లో చట్టం చేసి మరీ ఫ్రెంచిని కాపాడుకుంటున్న క్యూబెక్‌లో, 2010ల్లో చాలా ఏళ్లు మగపిల్లలకి అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు విలియమ్. ఫ్రెంచి ఓడిపోతోందనడానికి దీన్ని సాక్ష్యంగా చూపించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. విలియమ్, దాని ఫ్రెంచి రూపం గియోమ్, రెండూ ఒకే పాత జర్మానిక్ పేరు. ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీవాళ్ల మాండలికంలో పేరు మొదట్లోని వ అలాగే నిలిచింది, పారిస్ వైపు అది గ అయింది. 1066లో ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మండీ ప్రభువు ఫ్రెంచి చరిత్రలో గియోమ్, ఇంగ్లిష్ చరిత్రలో విలియమ్. ఇంగ్లిష్‌వాళ్లకి ఆ పేరు ఇచ్చిందే ఫ్రెంచి మాట్లాడేవాళ్లు. గియోమ్ అని రాస్తే ఒంటారియోలో నోరు తిరగదు, విలియమ్ అని రాస్తే మాంట్రియల్‌లో ఎవరికీ ఇబ్బంది లేదు. 2021 జనగణన ప్రకారం క్యూబెక్‌లో 46.4 శాతం మందికి రెండు భాషలూ వచ్చు, మొత్తం కెనడాలో అయితే 18 శాతమే. అంతమంది రెండు భాషల్లో బతికే చోట తల్లిదండ్రులు పిల్లాడికి రెండు వైపులా తలుపు తెరిచి ఉంచాలనుకుంటారు, అది లొంగిపోవడం కాదు. ఈమధ్య పైకి వచ్చిన నోవా, లియామ్ కూడా అలాంటివే. ఒక్కటే చిక్కు, క్లాసులో ముగ్గురు నోవాలుంటారు.

ఫ్రాన్స్ కథ వేరు. అక్కడ 1803 చట్టం ప్రకారం క్యాలెండర్లలో ఉన్న పేర్లూ పురాతన చరిత్రలోని పేర్లూ తప్ప పెట్టనిచ్చేవాళ్లు కాదు, నచ్చిన పేరు పెట్టుకునే స్వేచ్ఛ వచ్చింది 1993లోనే. నిబంధనలు అప్పటికే కాస్త సడలాయి కాబట్టి 1991లో ఒక్క ఏడాదిలోనే 13 వేలకు పైగా పిల్లలకి కెవిన్ అని పెట్టారు. పలకడానికి ఇబ్బంది లేని పేరే, కానీ తర్వాత అది చదువూ డబ్బూ లేని ఇంటి పేరుగా ముద్రపడి, ఏ పాపమూ తెలియని పిల్లలు దాన్ని మోయాల్సి వచ్చింది. ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు. అందుకే ఏ పేరైనా ఖాయం చేసే ముందు ఆ దేశంలో పుట్టి పెరిగిన ఒకరిని, "ఈ పేరు వింటే నీకు ఎలాంటి మనిషి గుర్తొస్తాడు?" అని అడగాలి. పేర్ల యాప్‌లు ఇది చెప్పలేవు.

మన తెలుగువాళ్లకి ఇక్కడ ఇంకో మెలిక ఉంది, నక్షత్రం. పుష్యమిలో పుడితే మొదటి మూడు పాదాలకీ హూ, హే, హో అక్షరాలు. ఎంతో ముచ్చటపడి హేమంత్ అని బియ్యంలో రాస్తాం, ఫ్రెంచి టీచరు నోట్లో ఆ హ మాయమవుతుంది. రేవతి మూడో పాదం అయితే చ వస్తుంది, ఫ్రెంచి బడిలో చరణ్ శరణ్ అవుతాడు. అయితే కలిసొచ్చేవీ ఉన్నాయి. మను అంటే ఫ్రాన్స్‌లో ఎమ్మాన్యుయేల్‌కి ముద్దుపేరు. రోహన్ అక్షరాలు చూస్తే ఫ్రెంచివాళ్లకి పశ్చిమ ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన పాత ప్రభువుల వంశం గుర్తొస్తుంది, పలకడం మాత్రం రొఆఁ. ఇక రవి అంటే ఫ్రెంచిలో చాలా సంతోషంగా ఉన్నవాడు అని అర్థం, కొత్తవాళ్లని కలిసినప్పుడు మర్యాదగా అనే మాట. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్‌లో క్రిస్మస్‌కి పెట్టే మట్టిబొమ్మల్లో రెండు చేతులూ పైకెత్తి ఆశ్చర్యపోయే ఊరి అమాయకుడి పేరు కూడా అదే. నేనైతే సంతోషంగా పెడతాను.

ఫ్రెంచి కాగితాల్లో తెలుగు పేర్లు పడటం కొత్తేమీ కాదు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న యానాం ఊరి పేరే వాళ్ల రికార్డుల్లో యనాఓఁ. 1881 నాటి ఉత్తర్వు ప్రకారం ఫ్రెంచి ఇండియాలో ఎవరైనా తమ కుల మత ఆచారాల చట్టం వదులుకుని ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి వస్తే, వంశానికి ఒక ఇంటిపేరు ఎంచుకుని రాయించుకోవాలి. అది ప్రభుత్వం పెట్టిన షరతు. ఇప్పుడు మాంట్రియల్‌లో మనవాళ్లు పడే టెన్షన్ తమంతట తాము తెచ్చుకున్నది, కాబట్టి కాస్త నిదానంగా తేల్చుకోవచ్చు.

నా సహోద్యోగి కాగితం మీద చివరికి రెండే మిగిలాయి. ఆస్కార్, ఫెలిక్స్. ఆమెకి ఫెలిక్స్ మీద మనసు, ఫ్రెంచిలో ఫెలిక్స్, ఇంగ్లిష్‌లో ఫీలిక్స్, రెండు పిలుపులకీ పిల్లాడు తిరిగి చూస్తాడు. మిగిలిన పేచీ అల్లా మొదటి అచ్చు మీద ఫ్రెంచివాళ్లు పెట్టే ఏటవాలు గీత గురించి. విమానం టికెట్ మీద రాదు, అమెరికా ఫారాలు తీసుకోవు, ఎందుకు అంటాడు భర్త. అది లేకపోతే మా అమ్మకి అది పేరులా కనిపించదు అంటుంది ఈమె. నన్నడిగితే, సర్టిఫికెట్‌లో గీత పెట్టించమన్నాను. కావాలనుకుంటే వాడు పెద్దయ్యాక రాసేటప్పుడు వదిలేస్తాడు. లేని గీతని తర్వాత తెచ్చుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాన్పుకి ఇంకా రెండు నెలలకి పైనే ఉంది.