బందరు రోడ్డు స్టేడియం మీద మొదటి హక్కు ఎవరిది?

2025 జనవరి 2న విజయవాడ బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ మున్సిపల్ కార్పొరేషన్ స్టేడియంలో పుస్తక మహోత్సవం మొదలైంది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ దాన్ని ప్రారంభించారు. స్టాళ్లు తీసేసిన కొద్ది రోజులకే అదే మైదానంలో రాష్ట్ర స్థాయి రిపబ్లిక్ డే పెరేడ్ జరిగింది. ఫిబ్రవరి 15న తలసేమియా బాధితుల సహాయం కోసం ఎన్టీఆర్ ట్రస్ట్ ఏర్పాటు చేసిన తమన్ మ్యూజికల్ నైట్. మార్చిలో శాసనసభ్యుల ఆటల పోటీలు. మూడు నెలలు తిరగకముందే పుస్తకాలు, కవాతు, పాటలు, ఆటలు అన్నీ ఒకే నేల మీద నడిచాయి.

వీటిలో ఏ ఒక్కటీ వద్దనగలిగేది కాదు. పుస్తకాల పండుగ ఉండాలి, జెండా పండుగ ఉండాలి. పది లక్షలకు పైగా జనం ఉన్న నగరంలో వేలమంది ఒకచోట కూర్చుని పాట వినే అవకాశమూ ఉండాలి. స్టేడియాన్ని ఆటలకు తప్ప దేనికీ ఇవ్వకూడదనే వాదనతో నేను ఏకీభవించను. నన్ను కలవరపెట్టేది వేరే సంగతి. ఈ మైదానాన్ని ఏడాది పొడవునా వాడుకునే మనిషికి, అంటే పొద్దున్నే ప్రాక్టీస్‌కు వచ్చే కుర్రాడికి, సాయంత్రం నడకకు వచ్చే పెద్దావిడకు, ఇక్కడ రాతపూర్వకమైన చోటు లేదు. పెద్ద కార్యక్రమం వచ్చిన ప్రతిసారీ ముందు పక్కకు జరగాల్సింది వాళ్లే.

బెజవాడ 1888లో మున్సిపాలిటీ అయింది, 1981లో కార్పొరేషన్ అయింది. స్టేడియం పేరులోనే కార్పొరేషన్ ఉంది. ఇది క్రికెట్ సంఘానిది కాదు, రాష్ట్ర ప్రభుత్వానిదీ కాదు. నగరం సొంత ఆస్తి.

క్రికెట్ అభిమానులకు ఈ స్టేడియం పేరు చెబితే గుర్తొచ్చేది 2002 నవంబర్ 24. భారత్, వెస్టిండీస్ ఏడు వన్డేల సిరీస్‌లో చెరో మూడు గెలిచి, తేల్చుకోవడానికి ఇక్కడికి వచ్చాయి. మార్లన్ శామ్యూల్స్ 108 పరుగులతో అజేయంగా నిలిచాడు. వెస్టిండీస్ 315 కొట్టింది. మనవాళ్లు 180కే ఆలౌట్ అయ్యారు. 135 పరుగుల తేడాతో మ్యాచ్, 4-3తో సిరీస్ రెండూ పోయాయి. ఆ తర్వాత పురుషుల అంతర్జాతీయ మ్యాచ్ మళ్లీ ఈ గేటు దాటి లోపలికి రాలేదు.

దీనికి ఆ రోజు ఓటమి కారణం కాదు. దేశంలో క్రికెట్ నడిచే పద్ధతే మారిపోయింది. విశాఖలో కూడా 1988 నుంచి 2001 వరకు వన్డేలు నగరపాలక సంస్థకు చెందిన ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలోనే జరిగాయి. 2005లో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టే నాటికి ఆట పోతినమల్లయ్యపాలెం దగ్గర క్రికెట్ సంఘం కట్టుకున్న స్టేడియానికి మారిపోయింది. హైదరాబాద్‌లో 1999లో న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్ చూసిన లాల్ బహదూర్ స్టేడియానిదీ అదే కథ. క్రికెట్ ఉప్పల్‌కు వెళ్లిపోయింది. క్రికెట్ బోర్డుకు కావలసింది ఏడాది పొడవునా తాళం తన చేతిలో ఉండే మైదానం. టీవీ ఆదాయం పెరిగేకొద్దీ, ఒకరి దగ్గర అద్దెకు తీసుకుని ఆడించాల్సిన అవసరం దానికి తీరిపోయింది. విజయవాడ వరకు చూస్తే, 2016లో భారత్, వెస్టిండీస్ మహిళల సిరీస్ ఊరి బయట మూలపాడు మైదానంలో జరిగింది.

క్రికెట్ వెళ్లిపోవడం వల్ల స్టేడియం విలువ తగ్గిందని చాలామంది అంటారు. నేను అలా అనుకోను. పెద్ద క్రికెట్ ఏడాదికి ఒకటి రెండు రోజులు వచ్చి, మిగతా రోజులు తాళం వేయించే అతిథి. అది వెళ్లాక మైదానం నగరానికి మిగిలింది. కానీ మిగిలినదాన్ని ఎలా వాడుకోవాలో నగరం కూర్చుని నిర్ణయించుకోకముందే రాష్ట్ర విభజన వచ్చిపడింది.

ఇక్కడే అసలు మలుపు. హైదరాబాద్ ఉన్నప్పుడు రాష్ట్ర స్థాయి పెరేడ్‌కు సికింద్రాబాద్‌లో విశాలమైన మైదానం ఉండేది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు అలాంటిది లేదు. మొదట్లో స్వాతంత్ర్య దినోత్సవాన్ని జిల్లాలకు తిప్పారు. 2014లో కర్నూలు, 2015లో విశాఖ, ఆ తర్వాత అనంతపురం, తిరుపతి, శ్రీకాకుళం. 2019 నుంచి అది విజయవాడలోనే, ఈ స్టేడియంలోనే స్థిరపడింది. 2019 మే 30న జగన్‌మోహన్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది కూడా ఇక్కడే. కేసీఆర్, స్టాలిన్ అతిథులుగా వచ్చారు. దానికి ముందు, తర్వాత చంద్రబాబు నాయుడు చేసిన రెండు ప్రమాణ స్వీకారాలు ఊరి బయట ఖాళీ స్థలాల్లో జరిగాయి. 2014లో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట, 2024లో కేసరపల్లిలో. రెండుచోట్లా వేదిక నుంచి పార్కింగ్ దాకా అన్నీ కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. స్టేడియంలో గ్యాలరీలు, గేట్లు, ప్రహరీ ముందే ఉంటాయి. అధికారుల కళ్లు అటే వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

అంటే ఒక కార్పొరేషన్ మైదానం మీద రాష్ట్రం మొత్తం బరువు పడింది. నగరం తన పిల్లల కోసం కట్టుకున్న స్థలం రాజధానికి లేని పెరేడ్ గ్రౌండ్‌గా పనిచేస్తూ వచ్చింది. పంద్రాగస్టు, రిపబ్లిక్ డే ఒక్కరోజు కార్యక్రమాలుగా కనిపిస్తాయి గానీ వాటి వెనక రిహార్సళ్లు ఉంటాయి, శకటాల తయారీ ఉంటుంది, భద్రతా తనిఖీలు ఉంటాయి, టెంట్లు వేయడం, పీకడం ఉంటాయి. బందరు రోడ్డు మీద ట్రాఫిక్ మళ్లింపులు సరేసరి.

రెండో బరువు స్వరాజ్ మైదానం నుంచి వచ్చింది. బందరు రోడ్డు మీదే ఉన్న ఆ పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌లో సభలు, ఎగ్జిబిషన్లు, పుస్తకాల పండుగ చాలా ఏళ్లు నడిచాయి. అక్కడ 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం లేచింది. 2024 జనవరి 19న ఆవిష్కరించారు. ఆ స్మృతివనం అక్కడ ఉండటం సబబేనని నా అభిప్రాయం. నగరం నడిబొడ్డున ఆయన నిలబడి ఉండటానికి ఒక అర్థముంది. అయితే ఆ మైదానంలో జరిగే పనులు ఆగిపోవు కదా, వాటికి ఇంకో చోటు ముందే చూపించాల్సింది. చూపించలేదు. పుస్తకాల పండుగ వేరే మైదానాలు వెతుక్కుంటూ చివరికి స్టేడియానికి చేరింది.

చోటు వెతుక్కోవడం అన్నిసార్లూ ఇంత సాఫీగా ముగియదు. 2022 దీపావళికి ముందురోజు గాంధీనగర్ జింఖానా మైదానంలో బాణసంచా స్టాళ్లు తగలబడి ఇద్దరు చనిపోయారు. జనం గుమిగూడే స్థలానికి ఫైరింజన్ తిరిగే దారి, వెడల్పాటి గేట్లు, చేతికందే నీళ్లు కావాలి. ఖాళీగా కనపడిన ప్రతి గ్రౌండూ అందుకు పనికిరాదు.

ఇప్పుడు నేల సంగతికి వద్దాం. బయటి నుంచి చూసేవారికి మైదానం అంటే మైదానమే. దాన్ని చూసుకునే సిబ్బందికి తెలుసు అది ఎంత సున్నితమో. క్రికెట్ పిచ్ బంకమట్టితో వేస్తారు. నీళ్లు పెట్టి, రోలర్ తిప్పి, రోజుల తరబడి తయారు చేస్తే గానీ బంతి సరిగ్గా లేవదు. చుట్టూ ఉన్న పచ్చిక మీద షీట్లో ప్లైవుడ్డో పరిచి కొన్ని రోజులు ఉంచితే ఎండ తగలక గడ్డి పసుపెక్కుతుంది, వేళ్లు కుళ్లుతాయి. స్టేజీ సామాను దించే లారీలు తిరిగితే మట్టి గట్టిపడి వాన నీరు కిందికి దిగదు. తర్వాతి వర్షానికి అక్కడే మడుగు కడుతుంది. టెంటు గుంజల గుంతలు సరిగ్గా పూడ్చకపోతే పరుగెత్తే పిల్లల చీలమండలు బెణుకుతాయి. మట్టిలో మిగిలిపోయిన ఒక్క మేకు చాలు, వట్టికాళ్లతో ఖోఖో ఆడే అమ్మాయిని ఆస్పత్రికి పంపడానికి. వీటన్నిటికీ మందు ఉంది. లారీలకు ప్రత్యేక దారి, పచ్చిక మీద గాలీ వెలుగూ దూరే ప్లాస్టిక్ పలకలు, కార్యక్రమం అయ్యాక నేల కోలుకోవడానికి ఖాళీ రోజులు. ప్రపంచంలో చాలా స్టేడియాలు చేస్తున్న పనులే ఇవి.

చిన్న నగరం ఇలాంటి స్థలాన్ని ఎలా నడుపుకోగలదో చెప్పడానికి అమెరికాలోని గ్రీన్స్‌బరో మంచి ఉదాహరణ. నార్త్ కరోలినాలో మూడు లక్షల జనాభా ఉన్న ఊరు. అక్కడి కొలీజియం 1959లో తెరుచుకుంది. 1974లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్స్ అక్కడే జరిగాయి. 1997 నుంచి రెండు సీజన్లు ఒక ప్రొఫెషనల్ ఐస్ హాకీ జట్టు, తన సొంత స్టేడియం పూర్తయ్యేదాకా, అక్కడ ఆడి వెళ్లిపోయింది. ఆ జట్టు పోయినా కొలీజియం నిలబడింది. ఒక్క జట్టును నమ్ముకుని కూర్చోలేదు గనక. బాస్కెట్‌బాల్, ఐస్ స్కేటింగ్, సంగీత కచేరీలు, కుస్తీ పోటీలు అన్నిటికీ తగ్గట్టు నేలను మార్చుకునే ఏర్పాటు దానికి ఉంది. అదీ నగరం ఆస్తే. కప్పున్న హాలుకు, ఆరుబయట మైదానానికి తేడా ఉంది, ఒప్పుకుంటాను. దాన్ని చూసి మనం నేర్చుకోవాల్సింది నిర్వహణ. బహుళ ప్రయోజనం అనేది ముందే ఆలోచించి, డబ్బు పెట్టి చేసుకునే ఏర్పాటు.

విజయవాడలో చిన్న ఆటలకు దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం ఉంది. సినిమాల్లో భీముడి వేషంతోనూ జనానికి తెలిసిన ఆ వెయిట్‌లిఫ్టర్ పేరు పెట్టడం నగరానికి గౌరవం. ఇండోర్‌లో జరపగలిగే సభలను ఇండోర్‌లోనే జరిపితే బయటి నేలకు కొంత ఊపిరి అందుతుంది. అయితే ఇండోర్ కోర్టుల్లో ఆడేవాళ్లకూ ఇదే హక్కు ఉందని మరచిపోకూడదు.

నేను అడిగేది కష్టమైనదేమీ కాదు. కార్పొరేషన్ ఏడాది క్యాలెండర్‌ను ముందుగా ప్రకటించాలి. ఏ తేదీల్లో స్టేడియం ఎవరికి ఇస్తున్నారో గేటు దగ్గర తెలుగులో రాసి పెట్టాలి. ప్రతి కార్యక్రమం అద్దెలోనూ నేలను మునుపటిలా చేసే ఖర్చు కలిపి, ఆ డబ్బును స్టేడియం మీదే ఖర్చు పెట్టాలి. ప్రభుత్వ కార్యక్రమాలకూ ఇదే లెక్క వర్తించాలి. పెరేడ్ రోజుల్లో కోచింగ్ పిల్లలకు పక్క గ్రౌండ్ ఏదో ముందే చూపించాలి, ఆ రోజు పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ చేత చెప్పించడం కాదు. స్వరాజ్ మైదానం చేసిన పనికి ఇంకో స్థలం కేటాయించడం అన్నిటికన్నా ముందు జరగాలి.

అమరావతి ప్రణాళికలోని తొమ్మిది నగరాల్లో స్పోర్ట్స్ సిటీ ఒకటి. రాజధానిలో శాశ్వతమైన పెరేడ్ మైదానం వచ్చాక రాష్ట్ర పండుగలు కృష్ణ దాటి అటు వెళ్తాయి. అప్పుడు బందరు రోడ్డు స్టేడియంలో ఏటా కొన్ని వారాలు ఖాళీ అవుతాయి. ఆ వారాలను ప్రైవేటు ఈవెంట్లకు అమ్ముకోవాలన్న ఒత్తిడి కార్పొరేషన్ మీద తప్పకుండా వస్తుంది. అప్పులూ జీతాలూ ఉన్న సంస్థకు ఆ డబ్బు తేలిగ్గా వదులుకోగలిగింది కాదు. అందుకే ఆ రోజులు స్కూలు పోటీలకు, అథ్లెటిక్స్ క్యాంపులకు, నడకకు వచ్చేవాళ్లకు చెందుతాయని కౌన్సిల్ ఇప్పుడే తీర్మానం చేసి పెట్టుకోవాలి.