పనికిరాదని రాసిస్తేనే ఓడెక్కే సరుకు

ఏ పరిశ్రమనైనా పైకి తేవాలంటే ప్రభుత్వాలు ముందు ఓ మంచి పేరు పెడతాయి, తర్వాత మంత్రిగారితో రిబ్బన్ కత్తిరిస్తాయి, ఆ తర్వాత విదేశీ ఎక్స్‌పోలో స్టాల్ వేసి కాఫీ ఇస్తాయి. మనం ఇవేవీ లేకుండానే ఒక పరిశ్రమను ప్రపంచంలో మొదటి నాలుగు స్థానాల్లో కూర్చోబెట్టాం. అమెరికా వ్యవసాయ శాఖ వేసే పశుమాంసం ఎగుమతుల పట్టికలో బ్రెజిల్, ఆస్ట్రేలియా, అమెరికాల సరసన ఇండియా ఉంటుంది. ఆ పట్టికలో ఆవుకూ గేదెకూ వేరే గడులు లేవు. 2014లో అయితే పరిమాణంలో మనదే మొదటి స్థానం. బియ్యంలో మొదటి స్థానం వస్తే పత్రికలు సంపాదకీయం రాస్తాయి. ఇందులో వచ్చినప్పుడు మనం మర్యాదగా పేజీ తిప్పేశాం.

మనం పంపేది గేదె మాంసం మాత్రమే అని ఇక్కడే చెప్పేస్తే కొందరికి బీపీ తగ్గుతుంది. ఆవు, ఎద్దు, దూడ మాంసం ఎగుమతి నిషిద్ధం. గేదెది కూడా ఎముకతో ఉంటే రేవు దాటదు. ఇన్ని మినహాయింపుల తర్వాత మిగిలింది 2023-24లో దాదాపు 13 లక్షల టన్నులు, 31 వేల కోట్ల రూపాయలు. వ్యవసాయ ఎగుమతులు చూసుకునే అపెడా లెక్కల్లో బియ్యం తర్వాత ఇదే పెద్ద పద్దు. మామిడిపండు ఫొటో వేసిన బ్రోషర్లు మాత్రం బోలెడు.

ఇంత పోటీ సామర్థ్యం ఎలా వచ్చిందని బయటి దేశాలవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. రహస్యం చాలా చిన్నది. మన దేశంలో మాంసం కోసం గేదెను పెంచేవాడు ఎవడూ లేడు. పెట్టుబడి లేదు, జాతి ఎంపిక లేదు, మాంసం కోసం ప్రత్యేకంగా మేపిన మేత లేదు. అన్నీ పాలు తీర్చేస్తాయి. ఏడెనిమిది ఈతలు అయ్యాక, ఇక లీటరు కూడా రాదనుకున్నాక అమ్మితే వచ్చేదంతా మిగులే. ఉత్పత్తి ఖర్చు వేరొకరి ఖాతాలో పడే పరిశ్రమను ఓడించడం ఎవరి తరం?

నాణ్యతా ప్రమాణాల సంగతి ఇంకా గొప్పది. ఆస్ట్రేలియావాడు తన మాంసం మీద కొవ్వు ఎంత, వయసు ఎంత, మేత ఏమిటి అని స్టార్లు వేసుకుంటాడు. మన ఎగుమతి విధానంలో పశువైద్యాధికారి ఇచ్చే పత్రం ఉంది. ఈ గేదె పాడికీ, సంతతికీ వాడుకలో ఉన్నది కాదని అందులో రాయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1977లో చేసిన చట్టం ప్రకారం ఆవును వధించడం కుదరదు, దున్నకైనా గేదెకైనా ఎద్దుకైనా పనికిరాదన్న ధ్రువపత్రం ఉండాల్సిందే. ప్రపంచంలో ఏ వ్యాపారి అయినా తన సరుకు శ్రేష్ఠమని సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. తన సరుకు దేనికీ కొరగాదని రాజముద్రతో రాయించుకుని కంటైనర్ నింపే ఘనత మనదే. సంగారెడ్డి దగ్గర రుద్రారంలో ఎగుమతి కబేళా పెట్టినప్పుడు 1990ల్లో ఎంత గొడవైందో, కోర్టులు ఎన్నేళ్లు విన్నాయో ఆ తరం వాళ్లకు గుర్తే. ఆ గొడవంతా కూడా పశువు పనికొచ్చేదా, పనికిరానిదా అన్న చోటే తిరిగింది.

ఈ పనికిరాకపోవడం అనేది సంతలో ఎలా నిర్ణయమవుతుందో ఒకసారి చూడాలి. రైతు పలుపు పట్టుకుని నిలబడతాడు. బేరగాడు వచ్చి పొదుగు వంక చూడడు. వెన్ను మీద చెయ్యి వేసి, తొడ పట్టుకుని, తోక మొదట్లో గట్టిగా నొక్కి చూస్తాడు. అక్కడితో ఇద్దరికీ విషయం అర్థమైపోతుంది. తర్వాత తుండుగుడ్డ కింద చేతులు కలుస్తాయి, వేళ్లతో అంకెలు నడుస్తాయి.

"పాలకేగా బాబాయ్?" అంటాడు రైతు, అడగాలి కాబట్టి.

"పాలకే అబ్బాయ్, మా బావమరిది వాళ్లింటికి," అంటాడు బేరగాడు, చెప్పాలి కాబట్టి.

వట్టిపోయిన గేదె పాలకు వెళ్తోందని ఇద్దరూ ఒప్పుకున్నాక డబ్బు చేతులు మారుతుంది. రైతు పలుపు విప్పుకుని ఇంటికి తీసుకెళ్తాడు. పశువును అమ్మినా పలుపు అమ్మకూడదు, లక్ష్మి పోతుందని ఆచారం. పలుపు దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండే జాతిని పట్టుకుని వ్యాపార దృష్టి లేదంటే ఎలా?

2017 మే నెలలో కేంద్రానికి ఈ సంభాషణ మీద అనుమానం వచ్చింది. పశువుల సంతల నియమాలు ప్రకటించింది. సంతకు తెచ్చిన పశువు కబేళాకు కాదని రాసివ్వాలి, కొనేవాడు తాను వ్యవసాయదారుణ్నని రుజువు చూపాలి, కొన్నాక 6 నెలలు అమ్మకూడదు, అమ్మకం పత్రం 5 ప్రతులు తీయాలి. ఒకటి కొన్నవాడికి, ఒకటి అమ్మినవాడికి, ఒకటి తహసీల్దారు ఆఫీసుకు, ఒకటి జిల్లా పశువైద్యాధికారికి, ఒకటి సంత కమిటీ బీరువాలోకి. పశువుల నిర్వచనంలో గేదెలతో పాటు ఒంటెలను కూడా చేర్చారు, ఏదీ తప్పించుకోకుండా. కరెంటు స్తంభం కూడా సరిగ్గా లేని సంతలో జిరాక్స్ మిషన్ ఎక్కడ పెట్టాలో మాత్రం నియమాల్లో లేదు. ముందు మద్రాసు హైకోర్టు మదురై బెంచి, జులైలో సుప్రీంకోర్టు వీటిని ఆపాయి. బేరగాడి బావమరిది మళ్లీ పాడి మొదలుపెట్టాడు.

అంతకు ముందు 2014 ఎన్నికల్లో నరేంద్ర మోదీ గులాబీ విప్లవం పేరెత్తి, మాంసం ఎగుమతుల్ని ప్రోత్సహిస్తోందని అప్పటి ప్రభుత్వాన్ని దుయ్యబట్టారు. ఆ ఆర్థిక సంవత్సరంలోనే ఎగుమతులు 478 కోట్ల డాలర్లు దాటి రికార్డు కొట్టాయి. తర్వాత తగ్గాయా, పెరిగాయా? ఇక్కడే మన గణాంకాల కరుణ కనిపిస్తుంది. 2014-15లో వచ్చింది 29 వేల కోట్ల రూపాయల పైచిలుకు, 2023-24లో 31 వేల కోట్లు. డాలర్లలో చూస్తే 374 కోట్లకు దిగింది. పెరిగిందని చెప్పుకోవాలంటే రూపాయలున్నాయి, తగ్గించామని చెప్పుకోవాలంటే డాలర్లున్నాయి. సభను బట్టి కరెన్సీ.

డబ్బున్న దేశాలు మన మాంసం కొనకపోవడానికి మాత్రం కారణం సిద్ధాంతం కాదు, గాలికుంటు అనే పశువుల అంటురోగం. జపాన్, కొరియా, యూరప్ ఈ రోగం ఉన్న దేశం నుంచి పచ్చి మాంసం రానివ్వవు. మాంసాన్ని ఒక రోజు చల్లగదిలో వేలాడదీస్తే కండలో పుట్టే ఆమ్లానికి వైరస్ చచ్చిపోతుంది కానీ, ఎముక మూలుగలో, లింఫు గ్రంథుల్లో బతికే ఉంటుంది. అందుకే ఎముక తీసి, గ్రంథులు తీసి పంపుతాం. దాన్ని వియత్నాం, మలేసియా, ఈజిప్టు, ఇరాక్ కొంటాయి. ఫిలిప్పీన్స్ డబ్బాల్లో పెడుతుంది, ఇండొనేసియా 2016 నుంచి పండగల్లో ధర దించడానికి తెప్పించుకుంటోంది. చైనాతో 2013లోనే ఒక అవగాహన పత్రం మీద సంతకాలయ్యాయి. సరుకు మాత్రం ఏళ్ల తరబడి వియత్నాంలోని హైఫాంగ్ రేవులో దిగింది. 10 కోట్ల జనాభా ఉన్న దేశం అంత గేదె మాంసం ఎలా తింటోందని మనమూ అడగలేదు, పక్కనే ఉన్న చైనా సరిహద్దూ చెప్పలేదు.

గాలికుంటును వదిలించుకోవడానికి 2019 సెప్టెంబరులో 13,343 కోట్లతో టీకాల కార్యక్రమం మొదలైంది. ప్రారంభించింది మథురలో, సాక్షాత్తూ కృష్ణుడి ఊళ్లో. చెవికి పసుపు బిళ్ల, దాని మీద 12 అంకెలు, ఏడాదికి రెండు సూదులు. 2030 నాటికి రోగం పోవాలి. మంచి పని, ఇందులో వ్యంగ్యానికి చోటు లేదు. పాలు పెరుగుతాయని చెప్పిన అధికారులు, అదే సూదితో టోక్యో తలుపు కూడా తెరుచుకోవచ్చన్న సంగతి మాత్రం మైకు ముందు మింగేశారు.

అటు బ్రెజిల్ 2025 మేలో టీకా అవసరం కూడా లేని గాలికుంటు రహిత దేశంగా గుర్తింపు తెచ్చుకుంది. ఇక్కడ తెలుగువాడు కాస్త సర్దుకుని కూర్చోవాలి. బ్రెజిల్‌లో 20 కోట్లకు పైబడ్డ పశువుల్లో చాలా భాగం నెలోర్ జాతివి, దాని సంకరాలు. నెలోర్ అంటే మన ఒంగోలే. 1868లో ఒక జంట సాల్వడార్ రేవులో దిగిందనీ, 1960ల మొదట్లో ఆఖరి పెద్ద విడత వెళ్లిందనీ వాళ్లు చరిత్ర రాసుకున్నారు. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరునే పెట్టుకున్న ఆబోతు సంతతిని వంశవృక్షాలు గీసి మరీ చూపిస్తారు. ఎండకు తట్టుకుంటుంది, పిడుదుకు లొంగదు, గడ్డి తిని కండ పడుతుంది. వాళ్లకు నచ్చింది ఆ కండే.

వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ సుమారు 40 కోట్ల రూపాయలని లెక్కతేలినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో పూనకాలు వచ్చాయి. మీసం మెలేశాం, "ఒంగోలు పౌరుషం" అని స్టేటస్ పెట్టాం, ప్రొఫైల్ పిక్ మార్చాం. ఆ ఆవు అండాల నుంచి పుట్టే కోడెల మనవలు చివరికి ఏ ప్లేటులోకి వెళ్తాయని ఎవరూ అడగలేదు. అడిగితే ఫార్వర్డ్ ఆగిపోతుంది. కైరోలో ఒకే ఫ్రీజరులో మన గేదె, మన ఒంగోలు వారసుడు పక్కపక్కనే ఉంటారు. రెండోది కాస్త ఖరీదు. పోటీలో మనల్ని వెనక్కి నెడుతున్నది కూడా మన గిత్తే అన్న తృప్తి ఎన్ని దేశాలకు దక్కుతుంది?

మరి మనమూ గేదెను మాంసానికే మేపి, మంచి ధర తెచ్చుకోవచ్చు కదా అని కొందరు అమాయకులు అడుగుతారు. సరుకు ఇంట్లోనే ఉంది. పుట్టే దూడల్లో సగం దున్నలే. ఆడదూడ, అదే పడ్డ, అయితే నాలుగు చన్నుల్లో ఒకటైనా వదులుతారు. దున్న దూడకు చేపు వచ్చేదాకా, అంటే పొదుగులోకి పాలు దిగేదాకా, మూతి పెట్టనిచ్చి లాగేస్తారు, ఎందుకంటే అది తాగే ప్రతి గుక్కకూ పాలకేంద్రంలో రేటుంది. నెలా రెండు నెలల్లో అది పోతుంది. కొన్నిచోట్ల తోలులో గడ్డి కూరి, నాలుగు కర్రలు గుచ్చి తల్లి ముందు నిలబెడతారు. తల్లి దాన్నే నాకుతూ చేపుతుంది. రెండేళ్లు మేపితే క్వింటాళ్ల బరువు తూగాల్సిన ఎగుమతి సరుకు అలా గడ్డిబొమ్మగా రిటైర్ అవుతుంది.

ఈ దూడల్ని కాపాడి పెంచడానికి 11వ పంచవర్ష ప్రణాళికలో కేంద్రం ఒక పథకం కూడా పెట్టింది. మీ ఊళ్లో ఎవరైనా దాని పేరు విన్నారేమో వాకబు చేయండి. గొర్రెలకు లోన్ ఉంది, మేకలకు ఉంది, నాటుకోళ్లకూ ఉంది. దున్న దూడలకు లోన్ కావాలని రైతు వెళ్తే బ్యాంకు మేనేజరు మొదట అడిగేది దేనికి పెంచుతావని. మాంసానికని ఆ కుర్చీ ముందు నిలబడి చెప్పే రైతు ఎక్కడా కనబడడు. దున్నడానికండీ అంటాడు. ఇప్పుడంతా ట్రాక్టర్లే కదా అని మేనేజరు ఫారం వెనక్కి ఇచ్చేస్తాడు.