ఇద్దరు బావగార్లు, ఒక లిఫ్టు

మర్యాదగా తిట్టుకోవడానికి తెలుగులో ఉన్నంత సదుపాయం ఇంకెక్కడా ఉండదేమో. "మీకు బొత్తిగా బుద్ధి లేదండీ" అని ఎదుటివారి గౌరవానికి లోటు రాకుండా అనేయవచ్చు. మా బాబాయి, మా మామయ్య ఈ సదుపాయాన్ని పూర్తిగా వినియోగించుకున్నారు. ఒకరికొకరు బావగార్లు. బాబాయిది ఒక పార్టీ, మామయ్యది దానికి ఎదురు పార్టీ. ఇద్దరికీ ఎక్కడా సభ్యత్వం లేదు. వీళ్ళిలా పుట్టి పెరిగారన్న సంగతి కూడా ఆ నాయకులకు తెలియదు. అయినా గత ఎన్నికల తర్వాత ఆ 'అండీ'లు కూడా ఆగిపోయాయి. చెప్పాల్సినవన్నీ నా ద్వారానే. "మీ మామయ్యతో చెప్పు, ఆ ఫ్యాను కాస్త తగ్గించమని" అంటారు బాబాయి, మామయ్య పక్క కుర్చీలో కూర్చుని ఉండగానే.

నేను ఏ పక్షమూ కాదు. అందువల్ల బాబాయి దృష్టిలో మామయ్య మనిషిని, మామయ్య దృష్టిలో బాబాయి మనిషిని.

ఒక సాయంత్రం ముగ్గురం ఒకే లిఫ్టు ఎక్కాల్సి వచ్చింది. అది మూడో అంతస్తు దాటి, నాలుగోది చేరకుండా ఆగిపోయింది. లండన్‌లోని హౌస్ ఆఫ్ కామన్స్‌లో అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ మధ్య తివాచీ మీద రెండు ఎర్రగీతలు ఉంటాయి. మాట్లాడే సభ్యుడు తన వైపు గీత దాటకూడదు. ఆ గీతల మధ్య దూరం రెండు కత్తుల పొడవని చెప్పుకుంటారు. మా లిఫ్టులో గొడుగు తెరిచే చోటు కూడా లేదు. ఉన్న కాస్త ఖాళీలో నేను నిలబడ్డాను.

"తాడు తెగేలా ఉంది" అన్నారు బాబాయి, పైకి చూస్తూ.

"తాడు తెగదని మీ బాబాయితో చెప్పు" అన్నారు మామయ్య, కిందికి చూస్తూ.

లిఫ్టు తాడుకు రాజకీయాలతో ఏ సంబంధమూ లేదు. కానీ ఒకరు తెగుతుందన్నాక రెండోవారు తెగదనక తప్పదు. వాతావరణం చల్లబరుద్దామని నేను ఓటిస్ కథ ఎత్తుకున్నాను. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ అనే ఆయన జనం చూస్తుండగా లిఫ్టు మీద నిలబడి, దాని తాడు నరికించాడు. లిఫ్టు కింద పడలేదు, ఆయన అమర్చిన పట్టీలు దాన్ని పట్టేసుకున్నాయి. కాబట్టి తాడు తెగినా మనకేమీ కాదు అన్నాను.

"చూశావా, తెగింది" అన్నారు బాబాయి.

"పడలేదు కదా!" అన్నారు మామయ్య.

గంట నొక్కితే కాపలా మనిషి వచ్చి, మెకానిక్ బయలుదేరాడనీ, కంగారు పడవద్దనీ తలుపు సందులోంచి అరిచి వెళ్ళిపోయాడు. కంగారు పడని మామయ్య ఫోను తీశారు. సిగ్నల్ చచ్చిపోయే ముందు ఆయన పార్టీ అభిమానుల గ్రూపు నుంచి ఒక పోస్టరు వచ్చి ఉంది. కింద రాసిన నాలుగు ముక్కలు వచ్చాయి గానీ, బొమ్మ మాత్రం మసకమసగ్గా ఆగిపోయింది. ఆయన ఆ నాలుగు ముక్కలనే గొంతు సవరించుకుని, నాకు చెబుతున్నట్టుగా, బాబాయికి వినబడేట్టుగా చదివారు. "ప్రతి ఇంటికీ ఇరవై నాలుగు గంటలూ తాగునీరు. అయిదేళ్ళలో."

"ముందుచూపు అంటే ఇదీ! ఒక తరం గుర్తుపెట్టుకుంటుంది" అన్నారు.

"డబ్బు ఎక్కడి నుంచి తెస్తారటా? చెట్లకు కాస్తుందా? జనం చెవిలో పువ్వులు పెట్టడానికి కూడా ఒక హద్దుండాలి" అన్నారు బాబాయి, కోపంలో నన్ను దాటించి నేరుగానే.

ఇంతలో పై గదిలో మెకానిక్ బ్రేకు వదిలినట్టున్నాడు, లిఫ్టు మెల్లగా పైకి జరగసాగింది. ఎనిమిది మంది పట్టే లిఫ్టులో ముగ్గురమే ఉన్నాం. అవతలి వైపు వేలాడే బరువు మాకంటే ఎక్కువ, అందుకని కరెంటు లేకపోయినా బ్రేకు వదిలితే పైకే పోతుంది. నాలుగో అంతస్తు దగ్గర ఆగింది. తలుపు తెరుచుకోలేదు గానీ సిగ్నల్ తెరుచుకుంది. మామయ్య ఫోనులో బొమ్మ కింది నుంచి పైకి స్పష్టమవుతూ వచ్చింది. ముందు కండువా రంగు తేలింది. తర్వాత ముఖం. బాబాయిగారి నాయకుడు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. దాని వెనకే "వీళ్ళ గొప్పలు చూడండి" అన్న వెక్కిరింపు మెసేజీ దిగింది.

కాసేపు లిఫ్టులో ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

"అదే నేను అనేది. డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?" అన్నారు మామయ్య.

"పెద్ద పనికి పూనుకున్నప్పుడు డబ్బు అదే వస్తుంది. ముందుచూపు ఉండాలి" అన్నారు బాబాయి.

ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకరి మాటలు ఒకరు తీసేసుకున్నారు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు, వీళ్ళు కుందేళ్ళు మార్చుకున్నాక కూడా లెక్క మూడు దగ్గరే ఉంది. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. నిజానికి వీళ్ళేమీ వింత మనుషులు కారు. అమెరికాలో జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2003లో ఇలాంటిదే ప్రచురించాడు. సంక్షేమ పథకాలు విద్యార్థుల ముందు పెట్టి, ఇది మీ పార్టీది అంటే మెచ్చుకున్నారు, అవతలి పార్టీది అంటే తప్పుబట్టారు. పథకంలో ఏముందన్నది లెక్కలోకి రాలేదు. పైగా పార్టీని చూసి కాదు, విషయాన్ని చూసే చెబుతున్నామని నమ్మారు. చదువుకున్న కుర్రాళ్ళే అలా ఉంటే, లిఫ్టులో ఇరుక్కున్న పెద్దవాళ్ళను ఏమంటాం?

మెకానిక్ తాళం పట్టుకుని మెట్లు దిగి రావాలి. ఈలోగా రెండో విడత మొదలయ్యేట్టుంది. "అసలు నీళ్ళు ఇరవై నాలుగు గంటలూ ఎలా వస్తాయి?" అని అడిగాను. ఎందుకు రావాలి, ఎందుకు రావు అని అడగలేదు, ఎలా అని మాత్రమే అడిగాను. ఇదీ నా సొంత తెలివి కాదు. జిప్పు ఎలా పనిచేస్తుందో మీకు ఎంత తెలుసు అంటే జనం బాగా తెలుసంటారు, వివరించమంటే ఆగిపోతారు. దీన్ని 2002లో యేల్‌లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. 2013లో ఇంకొందరు దాన్ని ప్రభుత్వ విధానాలకు పెట్టి చూశారు. కారణాలు చెప్పమంటే జనం మెత్తబడలేదు గానీ, విధానం మెట్టుమెట్టుగా ఎలా పనిచేస్తుందో చెప్పమంటే కాస్త మెత్తబడ్డారు. తర్వాత వేరేవాళ్ళు చేసినప్పుడు ఫలితం అంత గట్టిగా రాలేదట. వాళ్ళకు లిఫ్టు దొరికి ఉండదు.

"పైపుల్లో వస్తాయి" అన్నారు బాబాయి. ఇంజనీరుగా పంపులతో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తన జవాబు తనకే నచ్చలేదు. కాస్త తటపటాయించి, "రోజుకు గంట నీళ్ళు వదిలితే మిగతా సమయం పైపులో ఒత్తిడి ఉండదు. పగుళ్ళలోంచి బయటి మురికి లోపలికి చేరుతుంది. ఎప్పుడూ ఒత్తిడి ఉంటే చేరదు. కానీ అవే పగుళ్ళలోంచి రోజంతా నీళ్ళు కారిపోతాయి. ముందు అవి మూయాలి" అన్నారు.

"ఎన్ని పగుళ్ళో ఎలా తెలుస్తుంది?" అని మామయ్య నేరుగా అడిగేశారు. ఆయన జీవితమంతా ఆడిట్ చేశారు, లెక్క అనగానే పాత పగలు కూడా మరిచిపోతారు.

"మీటర్లు పెట్టాలి బావగారూ. వదిలింది ఎంత, ఇళ్ళకు చేరింది ఎంత అని చూడాలి."

"మీటరు పెడితే బిల్లు వస్తుంది. బిల్లు వస్తే ఓటు పోతుంది. అందుకే పోస్టరు మీద మీటరు బొమ్మ వేయరు, మీవాళ్ళయినా మావాళ్ళయినా" అన్నారు మామయ్య.

అయిదేళ్ళలో కాదని బాబాయి, అప్పు తీర్చే కాలం చూస్తే పదేళ్ళయినా నష్టం లేదని మామయ్య. గొంతులు లేచాయి, 'అండీ'లు కూడా తిరిగి వచ్చాయి. మెకానిక్ తలుపు తెరిచి, "ఎవరికైనా దెబ్బలు తగిలాయా?" అని కంగారుగా అడిగాడు. ఇద్దరూ అతని మాట వినకుండా పైపు వ్యాసం గురించి వాదించుకుంటూ దిగి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి పదకొండు గంటలకు కుటుంబం గ్రూపులో మామయ్య ఒక మెసేజీ పెట్టారు. "పగుళ్ళ విషయంలో బావగారు చెప్పింది నిజమే. నేను అలా ఆలోచించలేదు." నేను చదివానో లేదో అది మాయమై, మెసేజీ తొలగించారన్న ముక్క మిగిలింది. తెల్లవారగానే బాబాయి నుంచి ఫోను.

"రాత్రి మీ మామయ్య ఏదో పెట్టి తీసేశాడు. నన్ను తిట్టాడా?"

ఉన్నదున్నట్టు చెప్పాను.

"బావగారు అలాంటిది చచ్చినా రాయరు" అన్నారు బాబాయి. "నువ్వు వాళ్ళ మనిషివని నాకు మొదటి నుంచీ అనుమానమే."