అద్దంలో అందగాడు

కళ్లజోడు కొనడంలో తిరకాసంతా ఇక్కడే ఉంది: కొత్త ఫ్రేమ్ ఎట్లుందో చూసుకోవాలంటే పాత జోడు తీయాలి. తీస్తే ఏమీ కనపడదు.

కడప ఏడురోడ్ల దగ్గర షాపుకొచ్చిన పెద్దాయనకు యాభై దాటాయి. దూరానికి మైనస్ 4, చత్వారానికి ప్లస్ 2 అడిషన్, అంటే దగ్గరి చూపుకు దాని మీద కలిపే పవర్. మైనస్ 4 కంటికి పాతిక సెంటీమీటర్లు దాటితే అంతా మసకే. అద్దంలో బొమ్మేమో మనం నిలబడ్డ దూరానికి రెట్టింపు దూరంలో ఉంటుంది. అంటే ఆయన ముఖం ఆయనకు తేటగా కనపడాలంటే అద్దానికి ఐదంగుళాల్లోకి రావాలి. అప్పుడు కనపడేది ఒక కన్ను, సగం మీసం. వెనక్కి జరిగితే మసకలో ప్రతివాడూ హీరోనే.

"ఏమే, ఎట్లుండాను?"

"నన్నడుగుతావేంది, వాణ్ణడుగు."

"సూపర్ ఉండావు నాయనా" అన్నాడు కొడుకు, ఫోన్‌లోంచి తలెత్తకుండానే. అదే ఫోన్‌తో ఒక ఫొటో తీసి, పాత జోడు పెట్టుకొని చూసుకోమని చేతికిచ్చుంటే కథ అక్కడే ముగిసేది.

కొడుకు ఏరిన ఫ్రేమ్ సన్నగా, వెడల్పుగా, కుర్రకారుకు నచ్చే మాదిరి ఉంది. కాడ లోపల 55, 16, 140 అని అచ్చేసుంది. ఒక్కో అద్దం వెడల్పు, ముక్కు మీది సందు, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. మొదటి రెండూ కలిపితే 71. పెద్దాయన కనుపాపల మధ్య దూరం 62. తేడా 9, కంటికి నాలుగున్నర. పవర్ కేంద్రాన్ని అంత లోపలికి జరపాలి. మైనస్ అద్దం నడుమ పల్చన, అంచున మందం కాబట్టి, మామూలు ప్లాస్టిక్‌లో చెవివైపు అంచు 6 మిల్లీమీటర్ల దాకా తేలుతుంది. 48, 18 ఫ్రేమ్ అయితే 5 లోపే సరిపోయేది. షాపాయన ఈ లెక్కంతా చెప్పాడు పాపం. అప్పటికి కొడుకు బిల్లు వేయమంటున్నాడు.

అసలు దెబ్బ ఎత్తులో తగిలింది. ప్రోగ్రెసివ్ అద్దంలో పైన దూరం, నడుమ కంప్యూటర్, అడుగున చదువు ఉంటాయి. కనుపాప నుంచి ఫ్రేమ్ అడుగు దాకా చాలా డిజైన్లకు 18 మిల్లీమీటర్లు కావాలి, కారిడార్, అంటే దూరం నుంచి చదువుకు దిగే దారి, పొట్టిగా ఉండే రకానికైనా 14. ఈ ఫ్రేమ్‌లో దక్కింది 13. చదువుకునే భాగానికి డబ్బు పూర్తిగా కట్టారు, ఆ భాగం మాత్రం అద్దాన్ని ఫ్రేమ్ ఆకారానికి కోసేటప్పుడు కోత మెషీన్ నీళ్లలో కలిసిపోయింది. పైగా కడప ఎండకు ముక్కు చెమట పట్టి ఫ్రేమ్ ఇంకో 2 మిల్లీమీటర్లు జారింది. ఫ్రేమ్‌తో వచ్చే డెమో అద్దం మీద కనుపాప మార్కు పెట్టకముందే ముక్కు ప్యాడ్లు, చెవి వంపులు సరిచేయించుకోవాలి. మార్కు పెట్టాక వంచితే లెక్క మళ్లీ తప్పుతుంది.

వారానికి చుట్టాలాయన పెళ్లిపత్రిక తెచ్చాడు. అక్షరాల కోసం పెద్దాయన గడ్డం పైకెత్తాడు. దొరకలేదు. ఇంకా ఎత్తాడు. ఇప్పుడు పత్రికను ముక్కు చివర నుంచి చూస్తున్నాడు.

"ఏం బావా, మా పెండ్లంటే అంత చిన్నచూపా?"

"చిన్నచూపు కాదప్పా, అసలు చూపే అందడం లేదు!"

చుట్టాన్ని చల్లబరచడానికి భోజనం పెట్టాల్సొచ్చింది. ఆ గొడవలో జోడు స్కూటర్ డిక్కీలో ఉండిపోయింది. మే నెల మధ్యాహ్నం. వేడికి ప్లాస్టిక్ సాగినంత పైన పూత సాగదు, అందుకే యాంటీ గ్లేర్ కోటింగ్ సన్నసన్నగా నెర్రెలిచ్చింది. దాన్ని మరకనుకొని లుంగీ కొసతో రుద్దాడు. బండల దుమ్ముండే ఊళ్లో ముందు నీళ్లతో కడగాలి కదా, గీతలు కూడా పడ్డాయి.

మళ్లీ షాపుకు. అద్దం 32 మిల్లీమీటర్ల ఎత్తున్న ఫ్రేమ్ తీసుకుంటే సరిపోతుందన్నారు. అద్దాలు మాత్రం కొత్తవి కొనాలి, ఎందుకంటే కోసిన అద్దం చిన్న ఫ్రేమ్‌లోకి పోతుందేమో గానీ పెద్దదాంట్లోకి పోదు. పెద్దాయన రేటు విని నోరెళ్లబెట్టాడు. కొడుకు ఆ సన్న ఫ్రేమ్‌ను మెల్లగా జేబులో వేసుకున్నాడు.

"ఇది నాకిచ్చేయ్ నాయనా, కూలింగ్ అద్దాలు వేయించుకుంటా. నాకెట్లా పవర్ లేదు కదా."